కంపెనీ కానీలపై లేత ఆకుపచ్చ పొడి

ప్రశ్న: మాది అంతర్వేది దగ్గర పల్లె. తాతయ్య భోషాణంలో 1835 నాటి ఈస్టిండియా కంపెనీ రాగి కానీలు (పాతకాలపు చిల్లర నాణేలు) 11 దొరికాయి. రెండింటిపై లేత ఆకుపచ్చ పొడి. తుడిచినా వారంలో మళ్లీ వస్తోంది. చింతపండుతో తోమమని అమ్మ అంటోంది. నాకు మనసొప్పడం లేదు.

జవాబు: చింతపండు వద్దండీ! పులుపు అక్షరాలనూ తినేస్తుంది. ఆ పొడి ఉప్పులోని క్లోరైడు పని, మన ఉప్పుగాలి చలవే. తేమ తగిలినంతకాలం రాగిని తొలుస్తూనే ఉంటుంది. ముందు ఆ రెండింటినీ వేరుచేయండి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి రోజూ నీళ్లు మార్చండి. మెత్తబడిన పొడిని భూతద్దం కింద వెదురుపుల్లతో తీయండి. నాకు ఒక్క కానీకే 40 రోజులు పట్టింది.

మరో జవాబు: నున్నగా, గట్టిగా ఉన్న ముదురు పొరను మాత్రం గీకకండి, అదే కవచం. పూర్తిగా ఆరాక, తేమను పీల్చే సిలికా జెల్‌తో బిగుతు డబ్బాలో దాచండి. పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) కవర్లు రాగికి పడవు.

అడిగినవారు: నిన్ననే నానబెట్టాను. ఒకదానిపై సింహం బొమ్మ తోక తేలింది. అమ్మకూ చూపించాను.