గ్రూపు వర్క్ అంటే ఒకడు రాయడం, నలుగురు చూడటమేనా? 40 మంది ఉన్న క్లాసులో ఏది పనిచేస్తుంది?

సుద్దముక్క:
ఎనిమిది, తొమ్మిది తరగతుల సైన్స్. క్లాసుకు 40 మంది, 45 నిమిషాల పీరియడ్, పొడుగు బెంచీలు. ఐదుగురేసి గ్రూపులు చేసి పని అప్పగిస్తే బాగా చదివేవాడు మొత్తం రాసేస్తాడు, ఇద్దరు వాడి చేతిరాత చూస్తూ కూర్చుంటారు, మిగతా ఇద్దరూ కబుర్లు. చార్టు మాత్రం ముచ్చటగా వస్తుంది. ఎఫ్ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టు మార్కులు అందరికీ ఒకటే పడతాయి.

పిల్లలు నిజంగా ఒకరి అవసరం ఒకరికి పడేలా, "ఎందుకు?" అని వాళ్లలో వాళ్లే అడుక్కునేలా పని ఎలా తయారు చేయాలి? శిక్షణల్లో వినే పెద్ద పెద్ద పేర్లు వద్దండీ. సోమవారం క్లాసులో ఏం చేయాలో చెప్పండి.

చెరువుగట్టు:
మాస్టారూ, లోపం పిల్లల్లో లేదు, ఇచ్చిన పనిలో ఉంది. ఒక్కడే చేయగలిగిన పనిని ఐదుగురికి ఇస్తే ఒక్కడే చేస్తాడు. సమాచారాన్ని ఐదు ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్కే ఇవ్వండి. మిగతా నలుగురూ నోరు విప్పితే తప్ప జవాబు రాకూడదు. దీన్నే జిగ్సా అంటారు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టారు. అప్పుడప్పుడే నల్లజాతి, తెల్లజాతి, మెక్సికన్ పిల్లల్ని ఒకే బడిలో కలిపారు, క్లాసులు కొట్లాటలతో ఉన్నాయి. పోటీ తీసేసి ఒకరి ముక్క ఇంకొకరికి అవసరమయ్యేలా పాఠాన్ని కోశారు.

మన పిల్లలకు పనికొచ్చే పాఠం: యాసంగిలో ఊరికి నీటి బడ్జెట్ వేయడం. ఇది బొమ్మలాట కాదు. ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే నడిపే భూగర్భజల నిర్వహణ) ప్రాజెక్టు కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు బోర్ల మట్టం తామే కొలిచి పంటల నీటి లెక్క ఇలాగే వేసుకున్నారు. కింది ఊరు మాత్రం కల్పితం. ఐదు కాగితాలు, ఒక్కొక్కటీ అరపేజీ:

మొదటి కాగితం చెరువు. ఇప్పుడున్న నీరు 90,000 ఘనపు మీటర్లు, ఆవిరికీ ఇంకుడుకూ మూడో వంతు పోతుంది. రెండోది బోర్లు: 20 ఉన్నాయి, ఒక్కొక్కటి గంటకు 5 ఘ.మీ. పోస్తుంది, రోజుకు 5 గంటలు, 120 రోజులు. మూడోది తాగునీరు: 2,000 మందికి మనిషికి రోజుకు 55 లీటర్లు (జల్ జీవన్ మిషన్ లెక్క ఇదే), 500 పశువులకు ఒక్కొక్కదానికి 50 లీటర్లు, అదే 120 రోజులు. నాలుగోది పంటలు: వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు, వేరుశనగకు 550, శనగకు 300. ఎకరం మీద ఒక మి.మీ. నీరంటే సుమారు 4 ఘ.మీ. ఐదోది నేలలు: ఎర్రనేల 25 ఎకరాలు, అందులో వేరుశనగే. నల్లరేగడి 35 ఎకరాలు, అందులో శనగ గానీ వరి గానీ. తిండిగింజల కోసం 6 ఎకరాల వరి కావాలని ఊళ్లో అడుగుతున్నారు.

ప్రశ్న ఒక్కటే: ఏ పంట ఎన్ని ఎకరాలు?

జవాబుల కీ మీ దగ్గర ఉంచుకోండి. చెరువు నుంచి 60,000, బోర్ల నుంచి 60,000, అందులో తాగునీటికి 16,200 పోగా మిగిలేది 1,03,800 ఘ.మీ. ఎకరాకు వరి 4,800, వేరుశనగ 2,200, శనగ 1,200. అడిగినట్టు 6 ఎకరాల వరి వేసి, మిగతా రేగడి 29 ఎకరాల్లో శనగ వేస్తే 63,600 అయిపోతుంది. మిగిలిన 40,200తో వేరుశనగ 18 ఎకరాలకే వస్తుంది, 7 ఎకరాల ఎర్రనేల బీడు. వరిని ఒక్క ఎకరానికి తగ్గిస్తే 34 ఎకరాల శనగ, 25 ఎకరాల వేరుశనగ కలిపి 1,00,600. భూమంతా పచ్చగా ఉంటుంది గానీ తిండిగింజలు చాలవు. రెండు లెక్కలూ సరైనవే. ఎవరి 7 ఎకరాలు బీడు పెట్టాలి అన్న దగ్గర అసలు చర్చ మొదలవుతుంది. ఆ మెలిక కోసమే అంకెలు ఇలా పెట్టాను. నీళ్లు అందరికీ సరిపోయే లెక్క ఇస్తే రెండు నిమిషాల్లో "అయిపోయింది సార్" అంటారు.

రెండో బెంచీ:
అంకెలు బాగున్నాయి. 40 మందితో ఎలా నడపాలి? ఒకే కాగితం వచ్చినవాళ్లంతా ముందు ఒకచోట చేరి నేర్చుకునే నిపుణుల గ్రూపులో ఎనిమిది మంది పడతారు కదా, మళ్లీ పాత కథే అవుతుంది.

చెరువుగట్టు:
అవునండీ, ఎనిమిది మందిని ఒకచోట కూర్చోబెట్టకూడదు. 8 సొంత గ్రూపులు, గ్రూపుకు ఐదుగురు, ఒక్కొక్కరికి ఒక్కో కాగితం. ఒకే కాగితం వచ్చిన ఎనిమిది మందిని నలుగురేసి రెండు గ్రూపులు చేయండి. అంటే నిపుణుల గ్రూపులు పది. బెంచీలు జరపక్కర్లేదు, బేసి వరుసల్లోని వాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటే చాలు.

రెండు పీరియడ్లు కావాలి, అదీ ఒకే రోజు. పక్క టీచరుతో మార్చుకోండి. మర్నాటికి వాయిదా వేస్తే ఇద్దరు ముగ్గురు బడికి రారు, వాళ్లతోపాటు వాళ్ల ముక్కా పోతుంది. హాజరు 37 ఉంటే 7 గ్రూపులు, మిగిలిన ఇద్దరినీ రెండు గ్రూపుల్లో నాలుగో కాగితానికి జోడీగా వేయండి. అదే కొంచెం కష్టమైన కాగితం.

మొదటి పీరియడ్ నిపుణులది. సర్దుకోవడానికి 5 నిమిషాలు, లెక్కకు 20. తర్వాత కాగితం బోర్లించి పక్కవాడికి నోటితో చెప్పి చూడటానికి 10. చివరి 10 నిమిషాలు మీరు పది గ్రూపుల జవాబులూ సరిచూడాలి. ఇది వదిలేస్తే తప్పు లెక్క సొంత గ్రూపు దాకా వెళ్లి కూర్చుంటుంది. రెండో పీరియడ్‌లో ఒక్కొక్కరు 3 నిమిషాలు చెప్పడం, 20 నిమిషాలు నిర్ణయం, 10 నిమిషాలు రెండు గ్రూపులు తమ లెక్క బోర్డు మీద పెట్టడం. ఎదురెదురు నిర్ణయాలు తీసుకున్న గ్రూపుల్ని ఎంచుకోండి.

ముఖ్యమైన సంగతి: సొంత గ్రూపుకు వెళ్లేముందు కాగితాలు వెనక్కి తీసుకోవాలి. అరచేయంత చీటీ మీద రాసుకున్నదే వెంట వెళ్తుంది. కాగితం చేతిలో ఉంటే చదివి వినిపిస్తారు, లేదా గ్రూపు లీడరు ఐదూ లాక్కుని తనే చేసేస్తాడు.

మూడో కాగితంలో ఖాయంగా ఒక తప్పు వస్తుంది. 2,000 × 55 = 1,10,000 లీటర్లు. దాన్ని వెయ్యితో భాగించడం మరిచిపోయి 120తో గుణిస్తే 1.32 కోట్లు! మీరు సరిచూసేటప్పుడు "తప్పు" అనకండి. "ఈ ఊళ్లో మనుషులు చెరువులు చెరువులే తాగేస్తారా?" అని అడిగి పక్కకు వెళ్లిపోండి, వాళ్లే పట్టుకుంటారు.

శుభలేఖ అట్ట:
చెరువుగట్టు గారిది పండగ వంట. రోజువారీ కూర ఒకటి చెబుతాను, 12 నిమిషాల్లో అయిపోతుంది.

పాత శుభలేఖల అట్టలు కోసి ఒక్కొక్కరికి ఎ, బి, సి అని మూడు ముక్కలు ఇవ్వండి. బోర్డు మీద ఒక ప్రశ్న: గాజు తొట్టిలో స్టీలు గిన్నె తేలుతోంది, గిన్నెలో నల్లరాయి ఉంది. రాయి తీసి తొట్టి నీళ్లలో వేస్తే తొట్టిలో నీటి మట్టం ఎ) పెరుగుతుంది, బి) తగ్గుతుంది, సి) మారదు.

ఒక నిమిషం నిశ్శబ్దం. జవాబూ, ఒక వాక్యంలో కారణమూ నోటుబుక్కులో రాయాలి. "మూడు" అనగానే అందరూ ఒకేసారి అట్ట గుండెకు ఆనించి చూపించాలి. చేతులు ఎత్తమంటే లాభం లేదు. ఫస్ట్ ర్యాంకు పిల్ల చెయ్యి ఎటు లేస్తే క్లాసంతా అటే.

సరైన అట్టలు పైపైన లెక్కపెట్టండి. 30 శాతం కంటే తక్కువైతే చర్చ దండగ, వాళ్లకు ఆధారమే లేదు, మళ్లీ చెప్పాలి. 70 దాటితే రెండు మాటల్లో ముగించండి. మధ్యలో ఉంటే "నీది కాని అట్ట పట్టుకున్నవాణ్ణి వెతికి ఒప్పించు" అని 3 నిమిషాలివ్వండి. తర్వాత మళ్లీ అట్టలు. ఈ పద్ధతి హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్‌ది, 1990ల నుంచి నడుస్తోంది. ఫోను ఉంటే ప్లిక్కర్స్ అనే యాప్‌తో, దాని సొంత ముద్రిత అట్టలు వాడితే, కెమెరాతో లెక్కించవచ్చు, పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు. లేకపోయినా నష్టమేం లేదు.

రెండోసారి అట్టలు చూశాకే ప్రయోగం చేయండి. జవాబు బి. అర కిలో నల్లరాయి గిన్నెలో ఉన్నంతసేపూ తన బరువంత నీటిని, అంటే 500 మి.లీ.ని తొలగిస్తుంది. మునిగాక తన పరిమాణమంత నీటినే తొలగిస్తుంది, సాంద్రత 2.7 అనుకుంటే 185 మి.లీ. తేడా 315. ఇక్కడే చాలామంది బోల్తా పడేది: స్నానాల బకెట్ తెస్తారు, మట్టం అర సెంటీమీటరు కదులుతుంది, వెనక బెంచీకి కనపడదు. 15 సెం.మీ. వ్యాసం ఉన్న పారదర్శకమైన డబ్బా తీసుకుంటే దాదాపు 1.8 సెం.మీ. దిగుతుంది. ముందున్న మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేయండి. గిన్నె 12 సెం.మీ. వెడల్పు, కనీసం 7 సెం.మీ. లోతు ఉండాలి, అడుగు డబ్బాకు తగలకూడదు. తగిలితే అది తేలడం కాదు, లెక్క తప్పుతుంది. ఇటుక వద్దు, నీరు పీలుస్తుంది.

ఇంకో మాట. చర్చ నడుస్తుండగా మీ మొహం చూసి జవాబు పట్టేస్తారు. సరైన జవాబు విన్నప్పుడు తల ఊపకండి.

పదో తరగతి ఎ సెక్షన్:
అందరూ ఉత్సాహంగా ఉన్నారు గనుక నేను కాస్త నీళ్లు చల్లుతాను. సమీకరణాల తుల్యం, సంకేతాలు, వలయాల చిత్రాలు, నిర్వచనాలు... వీటిని గ్రూపు చర్చలో పెడితే కాలం వృథా. పిల్లల దగ్గర లేని జ్ఞానం చర్చించుకుంటే పుట్టదు. అవి నేరుగా చెప్పాలి, అభ్యాసం చేయించాలి. ప్లవన సూత్రం చెప్పకుండా గిన్నె-రాయి ప్రశ్న వేస్తే అట్టలాట ఊహలాటే. సిలబస్ దృష్ట్యా అట్టల ప్రశ్న వారానికి రెండు, జిగ్సా యూనిట్‌కు ఒకటి. అంతకు మించితే పదో తరగతిలో డిసెంబరుకి పోర్షన్ అవ్వదు.

మార్కుల సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్రూపుకు ఒకే మార్కు ఇచ్చారో, మోసేవాడు మోస్తాడు, ఎక్కేవాడు ఎక్కుతాడు. జిగ్సా అయ్యాక ఐదు ప్రశ్నల స్లిప్ టెస్ట్ విడివిడిగా పెట్టండి, కాగితానికి ఒక ప్రశ్న. చెరువు కాగితం వచ్చినవాడు బోర్ల ప్రశ్నకు జవాబు రాయలేకపోతే, బోర్లవాడు సరిగా చెప్పలేదు లేదా వీడు వినలేదు. ఎనిమిది గ్రూపుల్లోనూ ఒకే ప్రశ్న పోతే తప్పు కాగితంలోనే ఉంది, తిరగరాయాలి.

సుద్దముక్క:
అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. చదవడమే సరిగా రాని పిల్లాడికి కాగితం ఇస్తే వాడు నలుగురిలో నవ్వులపాలు అవుతాడేమో. రెండోది, చర్చించమంటే "అవును, అంతే" తప్ప మాట రాదు.

రెండో బెంచీ:
మొదటిదానికి: అలాంటి పిల్లాడికి బోర్ల కాగితం ఇవ్వండి, అంకెలే ఎక్కువ, అక్షరాలు తక్కువ. పైగా బోరు గంటకెంత పోస్తుందో, కరెంటు ఎన్ని గంటలుంటుందో ఇంట్లో వినే మాటే. కాగితంలో బొమ్మ గీసి అంకెలు దాని పక్కనే రాయండి. నిపుణుల గ్రూపులో నలుగురూ కలిసి కడతారు కాబట్టి, సొంత గ్రూపుకు వెళ్లేసరికి వాడి చేతిలో సరిచూసిన జవాబే ఉంటుంది.

రెండోదానికి నాలుగు వాక్యాలు బోర్డు మూల రాసి వదిలేయండి: "ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది?", "ఇది మారితే నీ జవాబు మారుతుందా?", "నువ్వన్నది నా మాటల్లో చెబుతా, సరేనా?", "నేనొప్పుకోను, ఎందుకంటే...". గ్రూపులో ఒకరి పని అడగడమే. తమ కాగితం చెప్పడం తప్ప వాళ్లు ఈ పీరియడ్‌లో జవాబు చెప్పకూడదు. ఈ పని మాటకారికి ఇవ్వండి. ఎప్పుడూ జవాబు చెప్పేవాడు అడిగేవాడైతే మిగతావాళ్లకు నోరు తిరిగే సందు దొరుకుతుంది. బోర్డు మీది వాక్యాలు మూడు వారాలయ్యాక చెరిపేయండి, అప్పటికీ అవి వినిపిస్తే అలవాటైనట్టే.

శుభలేఖ అట్ట:
చెరువుగట్టు గారూ, మీ లెక్కలో ఒక రంధ్రం ఉంది. చెరువులో ఇంకిన నీరు మీరు నష్టం కింద రాశారు. అది వెళ్లేది ఆ బోర్లలోకే కదా?

చెరువుగట్టు:
ఉంది, కావాలనే పూడ్చలేదు. ఆవిరి ఎంత, ఇంకుడు ఎంత అన్నది కాగితంలో విడదీసి ఇవ్వలేదు కాబట్టి ఆ తేడా ఎంతో పిల్లలు తేల్చలేరు, కానీ తేడా ఉందని పట్టుకోగలరు. చెరువు కాగితంవాడూ బోర్ల కాగితంవాడూ పక్కపక్కన కూర్చుంటేనే అది బయటపడుతుంది. ఎవరైనా అడిగితే జవాబు చెప్పకుండా వాళ్ల ప్రశ్నను వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాయించండి, దాన్ని తేల్చడానికి ఏమేం కొలవాలో ఇంటిపనిగా ఇవ్వండి. ఎవరూ అడగకపోతే మీరూ ఎత్తకండి.