అమ్మ చేతికి డబ్బొచ్చింది సరే, చంటిదాన్ని చూసేదెవరు?

పర్లాకిమిడి_కోడలు:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె, పుట్టిల్లు పాతపట్నం వైపు. ఆరేళ్ళ నుంచి మా పొదుపు సంఘం రికార్డులు నేనే రాస్తున్నాను, పదకొండు మందిమి. ఇదివరకు అప్పు కావాలంటే మొగుడో మామో షావుకారు దగ్గరికి వెళ్ళేవాళ్ళు, ఇప్పుడు బ్యాంకుకి మేమే వెళ్తున్నాం, సంతకం మేమే పెడుతున్నాం, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం డబ్బులు ఏడాదికి 10,000 మా అకౌంట్లోనే పడుతున్నాయి, పంచాయతీలో సగం సీట్లు ఆడవాళ్ళవే. ఇదంతా చూస్తే నాకెంత గర్వంగా ఉంటుందో. కానీ ఒక్క విషయం మాత్రం మనసులోంచి పోవట్లేదు.

మా సంఘంలో ఒకామె జీడి గింజలు కొట్టే పనికి వెళ్తుంది, పొద్దున్న ఏడింటికి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. జీడి నూనె అంటి వేళ్ళు కాలినట్టు నల్లగా అయిపోయాయి, ఎంత తోమినా పోదు. ఆ చేత్తో ముద్ద పెడితే గుంటకి నోరు పొక్కుతుందేమోనని తను పెట్టదు, పక్కన కూర్చుని చూస్తుంది, తొమ్మిదేళ్ళ పెద్దపిల్ల పెడుతుంది. పగలంతా చంటిదాన్ని చంకనేసుకుని తిరిగేదీ ఆ పెద్దపిల్లే, బడికి వారంలో రెండ్రోజులు పోతే గొప్ప. చంటిదానికి రెండేళ్ళు దాటాయి, రెండు మాటలు కలిపి చెప్పదు, బరువు తూస్తే కార్డులో పసుపు రంగులోనే ఉంటుంది, అంటే వయసుకి తగ్గ బరువు లేదన్నమాట.

ఆడదాని చేతిలో డబ్బుంటే పిల్లలు బాగుంటారని ప్రతి మీటింగులో చెప్తారు, నేను కూడా చెప్పాను. మరి ఇక్కడెందుకు అలా అవలేదు? వాళ్ళత్తేమో పని మానేయమని రోజూ గొడవ. నేను ఏటి చెప్పాలి ఆమెకి?

రాయగడ_టీచరమ్మ:

చెల్లెమ్మా, ముందు పని మాత్రం మాన్పించకండి. ఆ జీతం పోతే ఇంట్లో మొదట ఆగేది పిల్లలకి పెట్టే గుడ్డూ పాలే.

నేను అంగన్వాడీలో పద్నాలుగేళ్ళుగా చేస్తున్నాను. మా దగ్గర కూర్చోబెట్టి ఆటాపాటా చెప్పేది మూడేళ్ళు నిండినవాళ్ళకే, అంతకన్నా చిన్నోళ్ళకి ఛతువా (వేయించిన గింజల పొడి) ప్యాకెట్లు, గుడ్లు ఇంటికిచ్చేస్తాం. ఈ అంగన్వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975లో మొదలైంది, అయినా ఇప్పటికీ చాలా ఊళ్ళలో ఇంతే. పిల్లకి మెదడు అన్నిటికన్నా వేగంగా ఎదిగేది ఆ మొదటి మూడేళ్ళలోనే, సరిగ్గా అప్పుడే పగలంతా అది ఎవరి దగ్గరుందో అడిగేవాళ్ళు లేరు. ఛతువా ఉంది కదా అనుకుంటాం గానీ ఏడాది దాటిన పిల్లకి రోజుకి మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా దగ్గర కూర్చుని మాట్లాడుతూ తినిపించాలి, తొమ్మిదేళ్ళ పిల్లకి అంత ఓపిక ఎక్కడిదమ్మా, అదీ పిల్లే కదా.

ఇంకో మాట, మాట రాలేదంటున్నారు కాబట్టి ముందు చెవులు చూపించండి. పిల్లల్ని పరీక్షించే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల టీమ్ ఏడాదికి రెండుసార్లు అంగన్వాడీకి వస్తుంది, అంతదాకా ఆగకుండా ఆశాతో చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో సవర వినడం వల్లే మాట ఆగిందని ఎవరైనా అంటే నమ్మకండి, మన సరిహద్దు పిల్లలందరూ అలా పెరిగినవాళ్ళే.

బరంపురం_స్టూడెంట్:

అక్కా నేను పబ్లిక్ హెల్త్ చదువుతున్నాను, మీరడిగిందే మా క్లాసులో కూడా పెద్ద చర్చ. పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లో ఐదేళ్ళలోపు పిల్లలు దాదాపు 25 కోట్ల మంది, అంటే 43 శాతం, ఎదగాల్సినంత ఎదగలేకపోయే ప్రమాదంలో ఉన్నారని 2016లో లాన్సెట్ పత్రికలో లెక్క వేశారు. తిండి తక్కువై కొంతమంది, పలకరించి ఆడించేవాళ్ళు లేక కొంతమంది, మన దగ్గర రెండూ కలిసే ఉంటాయి.

జమైకాలో 1986-87లో ఎత్తు పెరగని 129 మంది పిల్లలతో ఒక పని మొదలుపెట్టారు. అందులో కొన్ని ఇళ్ళకి ఊరి ఆరోగ్య కార్యకర్త వారానికోసారి వెళ్ళి గంటసేపు కూర్చుని, ఖాళీ సీసాలు గుడ్డముక్కలతో బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో ఎలా మాట్లాడాలో తల్లికి చూపించేది, రెండేళ్ళపాటు అంతే. 20 ఏళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన మిగతావాళ్ళకన్నా 25 శాతం ఎక్కువ. ఇదే పద్ధతి మన కటక్ బస్తీల్లో కూడా 421 మంది పిల్లలతో 18 నెలలు చేశారు, ఇళ్ళకి వెళ్ళింది అక్కడి ఆడవాళ్ళే, పిల్లల తెలివితేటలు మెరుగుపడ్డాయి.

ఇందులో నాకు అర్థమైంది ఏంటంటే డబ్బు ఒక్కటే ఆడదాని బలం కాదు. ఆమె టైము ఆమె చేతిలో ఉండాలి, ఇంట్లో ఆమె మాట చెల్లాలి. మీ సంఘంలో ఆమెకి సంపాదన వచ్చింది కానీ ఆమె దింపుకున్న బరువు ఆ తొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన పడింది, రేపు ఆ పిల్లకి చదువు లేకపోతే కథ మళ్ళీ మొదటికే.

సూరత్_నుంచి:

నేను గంజాం వాణ్ణి, సూరత్‌లో పవర్‌లూమ్ మీద పన్నెండు గంటల డ్యూటీ. ముందు డబ్బు మా అమ్మ అకౌంట్‌కి వేసేవాణ్ణి, మా ఆవిడ బాబుకి జ్వరమొచ్చినా అత్తని అడిగి తీసుకోవాలి, అడగడానికి మొహమాటపడి రెండ్రోజులు చూసేది, ఒకసారి అలాగే ఆలస్యమై బాబుని వారం రోజులు బరంపురంలో ఆసుపత్రిలో పెట్టాం. అప్పట్నుంచి ఆమె అకౌంట్‌కే వేస్తున్నాను, అమ్మకి కోపమొచ్చింది, తర్వాత సర్దుకుంది. రాత్రి ఫోన్ చేసినప్పుడు వాడితో పది నిమిషాలు నేను కూడా కబుర్లు చెప్తాను. ఆమె మొగుడు ఎక్కడున్నాడు చెల్లెమ్మా? అతన్ని ఎవరూ ఏం అడగరా? తప్పంతా ఆమె మీదే వేస్తున్నారు.

సిరోంచ_అక్క:

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, గోదావరి దాటితే తెలంగాణ. మిరప ఏరడానికి మా ఊరి ఆడవాళ్ళు గుంపుగా అటు వెళ్తారు, చంటిపిల్లల్ని కూడా తీసుకెళ్ళి చేను గట్టు మీద చీర ఉయ్యాల కట్టి పడుకోబెట్టేవాళ్ళం, ఆ ఘాటుకి పిల్లలు ఒకటే దగ్గు. రెండేళ్ళ నుంచి ఏం చేస్తున్నామంటే ఏడుగురం కలిసి ఒక పెద్దమ్మని ఊళ్ళోనే ఉంచి తలా కొంచెం కూలి వేసుకుని పిల్లల్ని ఆమెకి అప్పజెప్తున్నాం. ఉపాధి పనిలో అయితే ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు వస్తే ఒకామెని వాళ్ళని చూడ్డానికే పెట్టి కూలి ఇవ్వాలని 2005 చట్టంలోనే ఉండేది, అడిగినవాళ్ళు తక్కువ.

చదువుకున్నవాళ్ళే చూడాలనేం లేదు తల్లీ. మా జిల్లాలోనే బంగ్ డాక్టర్ దంపతులు పెట్టిన సెర్చ్ అనే సంస్థ పల్లెటూరి ఆడవాళ్ళకి పురిటిబిడ్డని చూసుకోవడం నేర్పింది, 39 ఊళ్ళలో పురిటిబిడ్డల చావులు 1990ల్లో సగానికి పైగా తగ్గాయి.

పర్లాకిమిడి_కోడలు:

అందరికీ చాలా థాంక్స్, చదువుతుంటే కళ్ళు తడయ్యాయి. అన్నయ్యా, అతను చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్ళాడు, మీరన్నట్టు అతనికి ఫోన్ చెయ్యాలని నాకు అస్సలు తోచలేదు, ఈ రాత్రికే చేయిస్తాను. టీచరమ్మా, ఆశాతో మాట్లాడాను, సోమవారం చెవులు చూపించడానికి వెళ్తున్నాం, నేను కూడా వెంట వెళ్తున్నా.

శనివారం మీటింగులో పిల్లల్ని చూసే మనిషి సంగతి తీర్మానాల బుక్కులో రాయిస్తాను, మా పదకొండు మందిలో మూడేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళు నలుగురు, ఒక ముసలమ్మ ఇంటి ముందు పెద్ద అరుగు ఉంది, ఆమె సరేనంది కూడా. ఛతువా అక్కడే కాచి పెట్టొచ్చు, చోడి అంబలి కూడా. పెద్దపిల్ల బడి సంగతి హెడ్మాస్టారుతో నేనే మాట్లాడతాను.

సిరోంచ అక్కా, పని లేని రోజుల్లో కూడా ఆ పెద్దమ్మకి కూలి ఇస్తారా, వచ్చిన రోజు లెక్కేనా? మాలో ఇద్దరికి పని రోజూ ఉండదు, డబ్బు దగ్గర మాట రాకుండా ముందే తేల్చుకోవాలని అడుగుతున్నాను.