మా వాడికి పాత మారుతి కావాలట, వాళ్ల మామ కొత్త కారు ఇస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

పంతులమ్మ_బైరాగిపట్టెడ:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. నేను బడిలో టీచర్‌ని, మావారు బ్యాంకులో చేస్తారు. మా పెద్దవాడికి మొన్ననే 18 నిండాయి. బీటెక్ మొదటి సంవత్సరం. కాలేజీ చంద్రగిరి అవతల, బస్సుంది.

వీడు రెండు మామిడి సీజన్లు దామలచెరువులో మా పెదనాన్న వాళ్ల మండీలో కాటా పక్కన కూర్చుని లెక్కలు రాశాడు. మిగతా రోజుల్లో మా వీధి పిల్లలకు ట్యూషన్ చెప్తాడు. ఆ డబ్బంతా దాచుకుని ఇప్పుడు మా ఇంటి ఓనరు గారి మారుతి 800 కొంటానంటున్నాడు. 2008 మోడల్. 2023లో ఆర్‌సీ రెన్యువల్ చేయించారట. 55 వేలు చెప్తున్నారు.

సంగతి తెలిసి బెంగుళూరులో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. "ఆ డొక్కు కారెందుకు అక్కా, మేనల్లుడికి నేను కొత్తది బుక్ చేస్తా, మేనమామని ఆమాత్రం చేయలేనా" అన్నాడు. మావారేమో రెండూ వద్దంటారు, కారు తాళం చేతికొస్తే పుస్తకం చేతిలో నిలవదని ఆయన భయం. పిల్లోడు మాత్రం మామ ఇచ్చేది నాకొద్దు, నా డబ్బుతో నేను కొనుక్కుంటానని భీష్మించుకు కూర్చున్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్. సొంతంగా సంపాదించి కొనుక్కుంటేనే విలువ తెలుస్తుందంటారు కదా, అది నిజమేనా? పాత కారుతో ఇంకేమైనా తలనొప్పులు ఉంటాయా?

రేణిగుంట_రోడ్డు:

మేడమ్, విలువ సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి చూడండి. 2008 నాటి 800లో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. మన దగ్గర కొత్త కార్లకు ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయిందే 2019లో. ముందు సీట్లో రెండోవాళ్లకు ఎయిర్‌బ్యాగ్ 2021 నుంచి. కొత్తగా స్టీరింగ్ పట్టేవాడికి ఇవి లేని బండి ఇచ్చి పూతలపట్టు నాయుడుపేట రోడ్డు మీదికి పంపిస్తారా? మీ తమ్ముడు ఇస్తానంటుంటే ఆలోచన దేనికి? తీసేసుకోండి.

స్పానర్_మామ:

అమ్మా, కరకంబాడి రోడ్డు తట్టు నాకు షెడ్డుంది. అంతకు ముందు చాలాకాలం కొండమీదికి జీపు తోలాను. ఇట్లాంటి యవ్వారాలు నా షెడ్డు ముందు రోజూ చూస్తుంటా కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు.

సొంత డబ్బుతో కొన్నోడు బండిని బాగా చూసుకుంటాడని అందరూ అంటారు. నేను చూసినంతలో అది సగమే నిజం. సొంత డబ్బుతో కొన్నోడు బండిని కడుగుతాడు. పొద్దునా సాయంత్రం గుడ్డ పెట్టి తుడుస్తాడు. కానీ కడగడం వేరు, చూసుకోవడం వేరు.

ఒక పిల్లోడు కల్యాణ మండపాల్లో వడ్డనకు పోయి సంపాదించి పాత కారు కొన్నాడు. నిజంగా కష్టజీవి, నాకు వాడంటే ఇష్టం. ఒకరోజు వెనక చక్రం దగ్గర గీరుతున్న శబ్దం వస్తోందని తెచ్చాడు. డ్రమ్ము ఊడదీస్తే బ్రేక్ షూ మీద లైనింగన్నదే లేదు, ఇనుము ఇనుముతో రాసుకుని డ్రమ్ము లోపల గాట్లు పడున్నాయి. ఎన్నాళ్లుగా వస్తోందిరా శబ్దమంటే, "చానా రోజులైంది మామా, డబ్బులు చూసుకుని తెద్దామని" అన్నాడు. అదే బండిలో వెనకాల ఇంత లావు స్పీకర్లు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. వాణ్ని తిట్టి లాభం లేదు. కొనేటప్పటికే జేబు ఖాళీ, మిగిలిన నాలుగు రూపాయలు కంటికి కనిపించే దానికి పెట్టాడు. ఆ వయసుకు బ్రేక్ షూ కనిపించదు, స్పీకరు వినిపిస్తుంది.

ఇంకొకడు కాంట్రాక్టరు కొడుకు. షోరూము నుంచి నేరుగా ఇంటికొచ్చిన బండి. ఇచ్చిన రోజు ట్యాంకు నింపించి, ఇకమీదట నా దగ్గర పెట్రోలుకు పైసా అడగొద్దని చెప్పేశాడంట వాళ్ల నాయన. ఆయన మాట మీద నిలబడ్డాడు, నాకు ఆశ్చర్యమనిపించింది అక్కడే. ఆ పిల్లోడు మొదట్లో పాపం బండిని ఇంటి ముందు పెట్టుకుని బైకు మీద తిరిగాడు. తర్వాత ఏదో కంప్యూటర్ సెంటర్లో సాయంత్రం పనికి కుదిరాడు. ఇప్పుడు గాలి తక్కువైతే పెట్రోలు ఎక్కువ తాగుతుందని నా దగ్గరికొచ్చి తనే గేజి పెట్టి చూసుకుంటాడు. ఇచ్చిన బండే, కానీ కొన్నోడికన్నా బాగా చూసుకుంటున్నాడు.

అందుకే నా మాట ఏందంటే, బండి ఎవరి డబ్బుతో వచ్చిందనేది ఒక్క రోజు ముచ్చట. నెల నెలా దాని మేత ఎవరి జేబులోంచి పోతుంది, అదీ అసలు ప్రశ్న. మీ తమ్ముడు కొత్త కారు ఇచ్చి, మీరు పెట్రోలు పోసి, మీవారు సర్వీసుకు తోలుకుపోతే ఆ పిల్లోడు దాంట్లో ప్యాసింజరే, స్టీరింగ్ పట్టుకున్న ప్యాసింజరు. అట్లాగని మొత్తం భారం వాడి మీదే పడేస్తే బ్రేకుల దగ్గర మిగులు చూస్తాడు.

నేనైతే ఇట్లా చేస్తా. బ్రేకులు, టైర్లు, ఇన్సూరెన్సు ఇంటి ఖర్చు. ఈ మూడింటి దగ్గర పిల్లోడు బేరమాడకూడదు. పెట్రోలు, ఇంజన్ ఆయిలు, పంచరు, సైలెన్సరుకు పడే బొక్కలు, అన్నీ వాడివి. మీ తమ్ముడికి మేనమామ ముచ్చట తీరాలంటే నాలుగు కొత్త టైర్లు వేయించమనండి, పది పన్నెండు వేలు అవుతుంది. డ్రైవింగ్ స్కూలు ఫీజు కూడా ఆయన్నే కట్టమనండి. మేనల్లుడికి అంతకన్నా పనికొచ్చే కానుక నాకు తెలిసి లేదు.

పైన ఎయిర్‌బ్యాగుల గురించి చెప్పినాయన మాట తీసేసేది కాదు. 800 ఊళ్లో తిరగడానికి బండి. అన్నమయ్య సర్కిల్, లీలామహల్, యూనివర్సిటీ దాకా సరే. హైవే మీద లారీల మధ్య వద్దు, కాలేజీకి బస్సులోనే పోనీండి. తిరుమల ఘాట్ రోడ్డు అసలే వద్దు కొన్నాళ్లు. ఎక్కడం కాదు సమస్య, దిగడం. 1944లో వేసిన పాత ఘాట్‌లోనే కదా ఇప్పుడు దిగేది, ఆ మలుపుల్లో రెండో గేరులో పట్టి దించడం రాకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగేవాళ్ల చక్రాల దగ్గర కాలిన వాసన అలిపిరిలో దిగంగానే తెలిసిపోతుంది. ఇంత టైముకన్నా ముందు కిందికి రాకూడదని పెట్టింది ఊరికే కాదు.

ఇంక బండి సంగతి. 800ను చూసి భయపడాల్సిన పన్లేదు. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన బండి. దాంట్లోని 796 సీసీ ఇంజనే ఆల్టోలోనూ పెట్టారు, కాబట్టి స్పేర్లకు కొదవ లేదు. నేర్చుకునే పిల్లోడికి బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనిపిస్తాయి, చెయ్యి దూరుతుంది. ఇప్పటి బండ్లలో ప్లాస్టిక్ మూత కింద ఏముందో నాకే స్కానర్ పెడితే గానీ తెలీదు.

వాడికి వారానికోసారి ఈ పని చెప్పండి. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిలు గేజి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి, మళ్లీ లాగి చూడాలి. మొదటిసారి లాగినప్పుడు కనిపించేది నమ్మకూడదు, ఆయిలు కడ్డీ పొడుగునా పూసుకుని ఉంటుంది. రెండు గీతల మధ్య ఉంటే సరి. ఆయిలు పోసే మూత తిప్పి లోపల చూడాలి. పాలమీగడ మాదిరి తెల్లగా పట్టి ఉంటే ఆయిలులో నీళ్లు కలుస్తున్నాయేమోనని వెంటనే తేవాలి. ఇంజన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లపొడి పడితే తీగలు విప్పి వేడినీళ్లతో కడిగి, ఆరాక వ్యాజలీన్ రాస్తే చాలు. కరకంబాడిలోనే బ్యాటరీల ఫ్యాక్టరీ పెట్టుకుని మన ఊరోళ్లు ఆ పొడిని చూసి కొత్త బ్యాటరీ కొనేస్తుంటారు, అది వేరే కథ. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత బండ్ల రబ్బరు పైపులు దానికి తట్టుకునేలా చేసినవి కావు. పెట్రోలు పైపు గట్టిపడి చిట్లిందేమో చూడాలి. బండి దగ్గర వాసనొస్తే సెల్ఫ్ కొట్టకుండా ఫోన్ చేయమనండి.

నాన్న_మంగళం:

స్పానర్ అన్నా, మీరు చెప్పింది బాగుంది. మా వాడికి 16. ఇప్పటినుంచే ఇలా అలవాటు చేద్దామని ఉంది. ఇంట్లో పాత కారుంది, సందుల్లో తోలడం నేర్పొచ్చా?

స్పానర్_మామ:

బానెట్ ఎత్తడం నేర్పు నాయనా, తోలడం వద్దు. 18 నిండకుండా కారుకు ఎల్‌ఎల్‌ఆర్ కూడా రాదు. 2019లో చట్టం మార్చారు. పిల్లోడు రోడ్డు మీద పట్టుబడితే తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25 వేలు జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. వాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. సందులో అయినా అంతే, సందు కూడా రోడ్డే. ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సోళ్లు ఆ డబ్బు మీ దగ్గరే వసూలు చేస్తారు. ఈ రెండేళ్లూ టైరు మార్చడం, స్టెప్నీ ఎక్కించడం, ప్లగ్గులు తుడవడం నేర్పు. దానికి లైసెన్సు అక్కర్లేదు.

చిత్తూరు_ఎంబీఏ:

ఆంటీ, నాది ఇంకో అనుభవం. నాకు మా నాన్న సెకండ్ హ్యాండ్ కారు ఇచ్చారు, నేను కొనుక్కోలేదు. ముందుగా ఒక మాట, అబ్బాయికి కారు ఇవ్వాలా, కొనుక్కోనివ్వాలా అని ఇంత చర్చ జరుగుతుంది గానీ, మా ఇంట్లో ఆడపిల్లకు కారెందుకని మొదలై అక్కడే ఆగిపోయేది. నాన్న ఒక్కరే నా పక్కన నిలబడ్డారు.

పెట్రోలు మాత్రం నా ట్యూషన్ డబ్బుతోనే. దానివల్ల జరిగిందేమిటంటే మొహమాటం పోయింది. ఇంతకుముందు కాణిపాకం పోదాం రా అంటే అందరినీ ఎక్కించుకునేదాన్ని. ఇప్పుడు ఎక్కేముందే పెట్రోలు షేరెంతో చెప్తాను. ఇద్దరు ఫ్రెండ్స్ అలిగారు, మిగతావాళ్లు ఫోన్‌పే చేస్తున్నారు. మీ అబ్బాయికి సొంత కారుందని తెలిస్తే కాలేజీలో "రా మచ్చా ఓ రౌండ్ వేద్దాం" అనేవాళ్లు చాలామంది తయారవుతారు. అసలు ఖర్చు అక్కడుంది. దాని గురించి ముందే మాట్లాడండి.

పంతులమ్మ_బైరాగిపట్టెడ:

అందరికీ చాలా థ్యాంక్స్. స్పానర్ అన్నా, మీరు రాసింది మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. బ్రేక్ షూ, స్పీకర్ల దగ్గరికొచ్చేసరికి మావాడు తల దించుకున్నాడు. స్పీకర్లు ముందే చూసి పెట్టుకున్నాడట!

మావారు కొంచెం మెత్తబడ్డారు. తమ్ముడు టైర్లకు ఒప్పుకున్నాడు కానీ "నాలుగు టైర్లు ఇచ్చిన మేనమామ అని ఊరంతా నవ్వుతారు" అని ఒకటే గొణుగుడు. నిన్న ఓనరు గారి దగ్గరికి వెళ్లి కారు చూశాం. స్టార్టయింది. పెయింటు బాగానే ఉంది. డ్రైవర్ పక్క మ్యాట్ ఎత్తితే కింద రేకు గోధుమ రంగులో పొరలు పొరలుగా లేస్తోంది. టైరు మీద చివర 2314 అని నాలుగంకెలున్నాయి. అదేమిటో మాకు అర్థం కాలేదు. 55 వేలకు తీసుకోవచ్చా?

స్పానర్_మామ:

2314 అంటే 2014లో 23వ వారం తయారైన టైరు తల్లీ. గాట్లు ఎంత లోతుగా కనిపించినా ఆ రబ్బరు ముసలిదైపోయింది, దాని మీద ఊళ్లో కూడా తిరగొద్దు. ఆ లెక్కన మీ తమ్ముడి టైర్లకు విలువ పెరిగింది, చెప్పండి ఆయనకు.

తుప్పు మాత్రం చూడాల్సిందే. మ్యాట్ కింద వేలితో గట్టిగా నొక్కి చూడండి. రేకు లోపలికి పోతే టింకరింగ్ ఖర్చుంది, బేరం 40 దగ్గర మొదలుపెట్టండి. గట్టిగా ఉంటే గీకి ప్రైమర్ కొట్టుకోవచ్చు. ఆ పని మీవాడితోనే చేయిస్తా, సెలవు రోజున షెడ్డుకు పంపండి.

కాగితాలు. ఆర్‌సీ 2028 దాకా ఉంటుంది, అది సరే. అప్పుడు మళ్లీ రెన్యువల్, 15 ఏళ్లు దాటిన కార్లకు 2022 నుంచి ఫీజులు బాగా పెంచారు, అది మనసులో పెట్టుకోండి. ఫారం 29, 30 మీద ఓనరు గారి సంతకాలు తీసుకుని పేరు మార్పించండి. తెలిసినాయనే కదా తర్వాత చూద్దామని వదిలేయొద్దు, రేపు ఏదైనా జరిగితే నోటీసు ఆయన ఇంటికి పోతుంది, అద్దె ఇల్లు మీది. ఇన్సూరెన్సు కూడా 14 రోజుల్లో పిల్లోడి పేరు మీదికి మార్చమని అడగాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఖర్చుకు పెద్ద భయం లేదు, 1000 సీసీ లోపు కార్లకు 2022లో ఏడాదికి 2,094 అని పెట్టారు, పైన జీఎస్టీ.

ఇంకొకటి. నిన్న స్టార్టయిందన్నారు, మీరు పోకముందే ఆయన ఓసారి తోలి వేడిచేసి పెట్టాడేమో మనకు తెలీదు. పాత ఇంజన్ లోపం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. ఆదివారం పొద్దున ఆరింటికి నేనే మీ వీధికొస్తా. అప్పటిదాకా ఎవర్నీ సెల్ఫ్ కొట్టనీయొద్దు. మీవాణ్ని సైలెన్సరు వెనకాల నిలబెడతా, నీలం పొగ వస్తే ఇంజన్‌లో ఆయిలు కాలుతున్నట్టు, అది వాడే ముందు చూడాలి.