వైడ్‌బ్యాండ్ మీటరు 14.7 అంటోంది, లాగు 15.3 అంటోంది. దేన్ని నమ్మాలి?

మియాటా_ఆస్టిన్:
అందరికీ నమస్కారం. నాది 1991 మాజ్డా మియాటా, 1.6 లీటర్ల ఇంజను. కంపెనీ ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) తీసేసి దాని చోట మెగాస్క్వర్ట్ 2 పెట్టాను. ఈ మధ్య గాలి, పెట్రోలు నిష్పత్తి చూపే ఏఈఎం ఎక్స్ సిరీస్ వైడ్‌బ్యాండ్ మీటరు కొని, దాని బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్‌ను కెటలిటిక్ కన్వర్టరుకు ముందు పైపులో బిగించాను. మీటరు సిగ్నల్ పంపే తెల్ల తీగ మెగాస్క్వర్ట్ 23వ పిన్నుకు వెళ్తుంది. నల్ల తీగ (పవర్ ఎర్తు), గోధుమరంగు తీగ (సిగ్నల్ ఎర్తు) రెండింటినీ డాష్‌బోర్డు వెనుక రేడియో ఫ్రేము స్క్రూకు కలిపాను. ఈసీయూను సెట్ చేసే, లాగు రాసే ట్యూనర్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో మీటరుతో వచ్చిన కాగితంలోని లెక్కే ఇచ్చాను: వోల్టులను 2.375తో గుణించి 7.3125 కలపడం.

ఐడిల్‌లో మీటరు 14.7 చూపుతుంటే లాగులో 15.1 పడుతోంది. హెడ్‌లైట్లు, బ్లోయరు వేస్తే మీటరు కదలదు గానీ లాగు 15.3కు ఎక్కుతుంది. సెన్సర్ పాడైందా? ఈ వారం ఆటోట్యూన్ (లాగు చూసి పెట్రోలు పట్టికను దానంతటదే సరిదిద్దేది) వేద్దామనుకుంటున్నాను.

రెండు_స్ట్రోకులు:
ఆ కాస్త తేడాకు కంగారెందుకండీ? క్యాలిబ్రేషన్ పట్టికలో 0.4 తగ్గించి పెట్టండి, రెండూ కలుస్తాయి. నా సివిక్‌కు అలాగే చేశాను, హాయిగా నడుస్తోంది.

ఎర్తు_మాస్టారు:
ఆ పని మాత్రం చేయకండి. బ్లోయరు వేస్తే మారిపోయే తేడాను పట్టికలో ఎంతని తగ్గిస్తారు? పగలు సరిపోయింది రాత్రి సరిపోదు.

సెన్సర్‌కు ఏ జబ్బూ లేదు. దీపాలు వేసినా మీటరు కదలడం లేదని మీరే రాశారు కదా! అంటే సెన్సర్ నుంచి మీటరు దాకా అంతా బాగానే ఉంది, అక్కడి నుంచి ఈసీయూకు వెళ్లే దారిలోనే గడబిడ. 14.7కు ఆ తెల్ల తీగ మీద 3.11 వోల్టులు ఉండాలి. లాగులో 15.3 పడిందంటే ఈసీయూకు 3.36 అందుతోంది. ఆ పావు వోల్టు పుట్టింది మీ రేడియో స్క్రూ దగ్గరే.

వైడ్‌బ్యాండ్ సెన్సర్ లోపలి సెల్లును హీటరు సుమారు 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలబెడుతుంది. అది తాగే కరెంటు ఆంపియర్లలో ఉంటుంది. దానితో పాటు దీపాలదీ, బ్లోయరుదీ ముప్పై ఏళ్లు దాటిన కారు రేకు గుండా, తుప్పు పట్టిన బోల్టుల గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లాలి. ఇక ఆ స్క్రూ సున్నా దగ్గర ఎలా ఉంటుంది? ఈసీయూ మాత్రం ఇంజను బ్లాకు దగ్గరి ఎర్తునే సున్నాగా లెక్కేస్తుంది, అందుకే స్క్రూ దగ్గరి వోల్టేజీ కూడా సిగ్నల్‌కు కలిసిపోతోంది.

నా మాట నమ్మనక్కర్లేదు, మల్టీమీటరు తీయండి. ఇంజను నడుస్తుండగా దీపాలూ బ్లోయరూ వేసి, నల్ల కొనను మెగాస్క్వర్ట్ సెన్సర్ ఎర్తుకు, ఎర్ర కొనను ఆ స్క్రూకు ఆనించండి. పది మిల్లీవోల్టులైతే వదిలేయండి, లాగులో దాదాపు 0.02 తేడా, అంతే. మీకు వందల్లో కనిపిస్తుందని పందెం కాస్తాను.

గోధుమరంగు తీగను థ్రాటిల్, కూలెంట్ సెన్సర్ల ఎర్తులు కలిసే చోటికి తీసుకెళ్లండి. నల్లదాన్ని విడిగా, కాస్త లావు తీగతో, ఈసీయూ పవర్ ఎర్తులు బిగించిన ఇంజను బోల్టుకే ఇవ్వండి. పొరపాటున కూడా నల్లదాన్ని సెన్సర్ ఎర్తుకు కలపవద్దు. హీటరు కరెంటు అటు పారితే థ్రాటిల్, కూలెంట్ రీడింగులు కూడా ఊగుతాయి, అప్పుడు దేన్ని అనుమానించాలో కూడా తెలియదు.

ఆటోట్యూన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. లాగు లీన్ (పెట్రోలు తక్కువ) అంటే అది నమ్మి పెట్రోలు పెంచుతూ పోతుంది.

మియాటా_ఆస్టిన్:
మాస్టారూ, పందెం మీరే గెలిచారు. స్క్రూ దగ్గర 240 మిల్లీవోల్టులు, దీపాలు ఆపితే 170. తీగలు మార్చాక మీటరు 14.7కు లాగు 14.7, 14.8 మధ్య ఆడుతోంది, బ్లోయరు వేసినా అంతే. కాకపోతే తాళం తిప్పిన తొలి క్షణాల్లో లాగులో పొంతన లేని అంకెలు వస్తున్నాయి. ఇదీ ఎర్తు సంగతేనా?

ఎర్తు_మాస్టారు:
కాదు, హీటరు వేడెక్కేదాకా ఆ అంకెలకు అర్థం లేదు. కూలెంట్ 70 డిగ్రీలు దాటాకే ఆటోట్యూన్ మొదలయ్యేలా పెట్టుకోండి, వాటిని పట్టించుకోదు. ఇంకో సంగతి. ఎప్పుడైనా మీటరు తీసి పక్కన పెడితే సెన్సర్‌ను కూడా విప్పి, ఆ బెజ్జానికి బిరడా బోల్టు బిగించండి. హీటరు పనిచేయకుండా పొగలో కూర్చుంటే మసిపట్టి పోతుంది. కొత్తది చవకేం కాదు.