"దేవుడే చూస్కుంటడు": ఇందులో 'కొను' చేస్తున్న పనేమిటి?

నల్లగొండ నుంచి, ప్రశ్న:

మా వైపు క్రైస్తవ సంఘాల్లో ఎప్పుడూ వినపడే మాట ఇది. అప్పుకైనా, ఆపరేషన్‌కైనా, బోరు ఫెయిలైనా, బిడ్డ సంబంధం తప్పిపోయినా చివరికి వచ్చేది "దేవుడే చూస్కుంటడు". మొన్న మునుగోడు దిక్కు ఒక ఇంట్లో ఆదరణ కూడికకు వెళ్లాను. పోయినాయనకు యాభై కూడా లేవు. పొద్దున పత్తి చేనుకు మందు కొట్టడానికి పోయాడు, పగటి అన్నం వేళకు ప్రాణం లేదు. పాస్టర్‌గారు యాకోబు పత్రిక 4:14 చదివారు: "మీరు కొంతసేపు కనబడి అంతలో మాయమైపోవు ఆవిరి వంటివారే." వాక్యం అయ్యాక సంఘపెద్ద ఒకాయన ఇంటామెతో, "రంది పెట్టుకోకు బిడ్డా, దేవుడే చూస్కుంటడు" అన్నాడు. నా పక్కన కూర్చున్న డిగ్రీ పిల్లగాడు నాకు మాత్రమే వినపడేటట్టు, "చూసుకుంట కూసున్నడు గదా అన్నా" అన్నాడు.

ఎగతాళికి అన్న మాట కాదు, పోయింది వాడి మేనమామ. దేవుడి న్యాయం మీద వాదన ఇక్కడ వద్దు. ఒకే మాట ఇట్లా రెండు దిక్కులకు ఎట్లా పోయింది? తెలుగు బైబిల్లో దీని జాడ ఎక్కడుంది?

మహబూబ్‌నగర్ నుంచి, రిటైరైన తెలుగు పండితులు:

ఆ పిల్లవాడికి తెలిసో తెలియకో మంచి వ్యాకరణం దొరికింది. మన తెలంగాణ మాటలో "చూసుకుంట" అంటే చూస్తూ అని. "తినుకుంట పోయిండు", "ఏడ్సుకుంట వచ్చింది" కూడా ఇంతే. అక్కడ 'కుంట'గా వినపడే కొను జరుగుతున్న పనిని సాగదీస్తుంది. "చూస్కుంటడు"లో దాని పని వేరు. వండుకున్నడు, తెచ్చుకున్నడు, దాచుకున్నడు అన్నప్పుడు పని ఫలం చేసినవాడి వైపు తిరుగుతుంది. చూచు ధాతువుకు ఈ కొను తగిలితే చూపు కాస్తా పూచీ అవుతుంది. "బిల్లు సంగతి నేను చూస్కుంట" అన్నవాడు బిల్లు చదువుతానని చెప్పడం లేదు, కడతానంటున్నాడు.

బైబిల్లో చూడవలసింది ఆదికాండము 22. నిప్పూ కట్టెలూ ఉన్నాయి, దహనబలికి గొఱ్ఱెపిల్ల ఏదని ఇస్సాకు అడుగుతాడు. దేవుడే గొఱ్ఱెపిల్లను చూచుకొంటాడని తండ్రి అబ్రాహాము జవాబు. హీబ్రూలో అక్కడున్నది "యిర్‌ఎ లో". మొదటి మాటకు చూస్తాడని, రెండో దానికి తనకోసమని అర్థం. ఇంగ్లీషులో దీనికి ప్రొవైడ్ అంటారు. ఆ మాట పుట్టిన లాటిన్‌లోనూ ముందుగా చూడడమే ఉంది కానీ వాడేవాళ్లకు ఆ చూపు ఇప్పుడు వినపడదు. మనకు చూచు అట్లాగే వినపడుతుంది, హీబ్రూలోని తనకోసం అన్న ముక్కను కొను మోస్తుంది. "పిల్లను చూసుకున్నరు", "కిరాయికి ఇల్లు చూసుకున్నరు" అంటాం కదా, వెతికి తమకని ఎంచుకున్నారని. ఎనిమిదో వచనంలో ఉన్నది ముందు ఆ అర్థమే.

పద్నాలుగో వచనానికి వచ్చేసరికి "యెహోవా పర్వతము మీద చూచుకొనును" అని ఉంటుంది. హీబ్రూలో ఇక్కడ తనకోసం అన్న ముక్క లేదు. తెలుగులో మాత్రం కొను అట్లాగే ఉండిపోయింది. అనువాదం పట్టు తప్పిందని ఎవరైనా అంటే అనవచ్చు, నాకైతే చాలా నచ్చింది. గొఱ్ఱెపిల్లను ఎంచుకునే అర్థం అక్కడి నుంచే మనుషులను పోషించే అర్థంలోకి జారింది. ఇళ్ల గుమ్మాల మీద, ఆటోల వెనక "యెహోవా యీరే" (యెహోవా చూచుకొనును) అని రాయించుకునేది ఈ మాటనే.

దేవరకొండ నుంచి:

వ్యాకరణం బాగుంది సార్. వాడకంలో మాత్రం ఇది చేతులు దులుపుకునే మాట. గుండెకు స్టెంట్ వెయ్యాలని డాక్టర్ చెబితే, "దేవుడే చూస్కుంటడు" అని మనిషిని ఇంటికి తోలుకపోయినవాళ్లను చూశాను. అక్కడ దేవుడి పేరు చెప్పింది భయం. సగం ఖర్చు భయం, సగం ఆపరేషన్ భయం.

పండితులు:

అట్లా వాడేవాళ్లు ఉన్నారు, కాదనను. అబ్రాహాము మాత్రం ఆ మాట కూర్చుని అనలేదు. మూడో నాటి ప్రయాణంలో, నిప్పూ కత్తీ చేతిలో పెట్టుకుని కొండ ఎక్కుతూ అన్నాడు. పైగా గొఱ్ఱెపిల్ల అన్నాడు, పొదలో దొరికింది పొట్టేలు.

మక్తల్ నుంచి:

దేవరకొండ అన్నకు నా జవాబు. మా దిక్కు పనులు లేని కాలంలో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనుషులను ముంబయి, పుణె తీసుకుపోతాడు. పిల్లలు ముసలామె దగ్గర ఉంటారు. మా వాడలో ఒకామె బస్సుకు ముందు అత్తకు అప్పగింతలు చెబుతుంటే విన్నాను. "బియ్యం డబ్బల ఉన్నయి. సిలిండర్ నిన్ననే పెట్టిన. చిన్నోని దగ్గు మందు గూట్ల ఉన్నది, రాత్రి ఒక్కసారే పొయ్యి. మిగిలింది దేవుడే చూస్కుంటడు." ఆ "మిగిలింది" వినండి అన్నా. తన చేతికి అందిందంతా చేసిన మనిషి అన్న మాట అది.

యాకోబు 4:13లో "ఒకానొక పట్టణమునకు వెళ్లి అక్కడ ఒక సంవత్సరముండి" లాభం సంపాదిద్దామనుకునేవాళ్లకు మందలింపు ఉంది. మావాళ్లు పోయేది లాభానికి కాదు, అప్పు తీర్చడానికి. అయినా కింది వచనాన్ని వాళ్లు తప్పరు. "ప్రభువు చిత్తమైతే ఉగాదికి వస్తం" అనే బస్సెక్కుతారు. సెంట్రింగ్ పని మీదికి పోయేవాళ్లకు అది మర్యాద కోసం అనే మాట కాదు.

భాష సంగతి ఒకటి. మాకు కన్నడం పక్కనే. వాళ్లూ "దేవరు నోడ్కొళ్తానె" అంటారు, నోడు అంటే చూచు, కొళ్ళు మన కొనే. మా బజార్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు "అల్లా దేఖ్ లేగా" అంటారు. అక్కడ లేనా అంటే తీసుకోవడం, మన కొనుకూ పాత అర్థం తీసుకోవడమే. మూడు భాషల్లోనూ చూసి తీసుకునే దేవుడే ఉన్నాడు!

నల్లగొండ:

బాగుంది అక్కా. మరి "నారు పోసినవాడు నీరు పోయడా" అనేదీ ఇదేనా? మా పాస్టర్‌గారు రెండూ కలిపి వాడతారు.

పండితులు:

దగ్గరివే, లెక్క వేరు. సామెతలో ఒక హక్కు ఉంది. నారు పోశావు కనుక నీరు నువ్వే పోయాలి అని దేవుణ్ణి నిలదీసే గొంతు అది. కృప అంటే అట్లా ఇవ్వవలసిన బాకీ కాదు. ఎఫెసీ 2:8లో "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని ఉంది కదా. ప్రసంగంలో రెండూ కలిపితే వినడానికి బాగుంటుంది కానీ ఒకటి అడిగేది, ఇంకోటి అడగకుండానే వచ్చేది.

దేవరకొండ:

నీరు అన్నారు కాబట్టి చెబుతున్నా. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఆ సామెత చెబితే నవ్వుతారు సార్. నీళ్లైతే పోశాడు, అందులో ఫ్లోరైడ్ కూడా పోశాడు అంటారు. పళ్లు గారబట్టి, నడుం వంగి, కాళ్లు వంకరపోయినవాళ్లను చూస్తూ పెరిగాం. అట్లాంటి ఒక పెద్దమ్మ కర్ర పట్టుకుని లేచి నిలబడి "కృప వెంబడి కృప" అని సాక్ష్యం చెప్పడం విన్నాను. యోహాను 1:16లోని మాట. చేతులు దులుపుకునే మాట అని పైన నేనే అన్నాను, ఆమె విషయంలో మాత్రం అట్లా అనలేను. అంతకంటే నాకు చెప్పడం రాదు.

మక్తల్:

ఇంకో వాడకం మరిచారు. కూలి ఎగ్గొట్టిన మేస్త్రీని కూడా "వాన్ని దేవుడే చూస్కుంటడు" అంటారు. అది దీవెన మాత్రం కాదు.

పండితులు:

కాదు. "నీ సంగతి చూస్కుంట" అని బెదిరించేదీ ఈ క్రియే. పూచీ తీసుకోవడంలో లెక్క తేల్చడం కూడా ఉంది. రోమా 12:19లో "పగతీర్చుట నాపని" అన్నది ఆ పద్దులోకే వస్తుంది. "నన్ను చూస్కుంటడు", "వాన్ని చూస్కుంటడు": విభక్తి ఒకటే, క్రియ ఒకటే. తేడా అంతా గొంతులోనే.

మక్తల్:

మా అమ్మ రెండూ ఒకే ప్రార్థనలో అంటది సార్. రెండోది రాగానే పాస్టర్‌గారు "ఆమేన్" తొందరగా అనేస్తారు.