రోబ్లింగ్ కుటుంబం: బ్రిడ్జీలు కట్టి బతికారా, తీగ అమ్మి బతికారా?

గోదారిగట్టు:
జర్మనీ నుంచి అమెరికా వెళ్లి, న్యూయార్క్‌ని బ్రూక్లిన్‌తో కలిపే బ్రూక్లిన్ బ్రిడ్జి కట్టిన రోబ్లింగ్ కుటుంబం గురించి ఎక్కడ చదివినా అవే మూడు ముక్కలు. తండ్రి పోయాడు, కొడుకు మంచాన పడ్డాడు, కోడలు దగ్గరుండి పూర్తి చేయించింది. వ్యాపారం సంగతి ఎవరూ రాయరు. ఒక్క బ్రిడ్జికి పద్నాలుగేళ్లు పడితే అన్నాళ్లూ ఆ ఇల్లు, కార్ఖానా ఎలా నడిచాయి? మూడు నాలుగు తరాలు ఎలా నిలబడ్డారు? ఇంకో రెండు సందేహాలు. అంత లావు కేబుల్‌ని ఫ్యాక్టరీలో చేసి తెచ్చి వేలాడదీశారా? నది అడుగున పనిచేసినవాళ్లకి వచ్చిన ఆ జబ్బు అసలు ఎందుకొచ్చింది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

తీగెలాగు:
తీగ అమ్మే బతికారండీ. బ్రిడ్జీలు ఆ తీగకి ప్రచారం.

జాన్ రోబ్లింగ్ 1806లో ప్రష్యాలోని మ్యూల్‌హౌజెన్‌లో పుట్టాడు. బెర్లిన్‌లో చదువుకున్నాడు. 1831లో అన్నతో కలిసి అమెరికా వెళ్లి, పెన్సిల్వేనియాలో భూమి కొని, సాక్సన్‌బర్గ్ అనే ఊరు కట్టాడు. అనుకున్నది వ్యవసాయం. అది అచ్చిరాక 1837లో మళ్లీ ఇంజినీరింగ్ పట్టాడు.

అప్పట్లో అక్కడ కాలవ పడవల్ని బండ్ల మీద ఎక్కించి, ఏటవాలు పట్టాల మీద కొండ దాటించేవాళ్లు. లాగేవి లావుపాటి నార మోకులు. వానకి నాని, రాపిడికి అరిగి తెగిపోతే బండి వెనక్కి జారి మనుషులు పోయేవాళ్లు. ఆ మోకు బదులు ఇనుప తీగల తాడు పెట్టవచ్చని చూపించి, 1841లో తన ఇంటి వెనక పచ్చికలో ఊరి రైతుల చేత పేనించాడు. వ్యాపారం మొదలైంది అక్కడ. 1840ల చివర్లో కార్ఖానాని న్యూజెర్సీలోని ట్రెంటన్‌కి మార్చాడు. కాలవ, రైలు రెండూ అందుబాటులో ఉన్న ఊరది.

1869లో ఆయన పోయాక చిన్నకొడుకులు ఫెర్డినాండ్, చార్లెస్ కార్ఖానా చూసుకున్నారు. ఫెర్డినాండ్ది అమ్మకం, లెక్కాడొక్కా. చార్లెస్‌ది యంత్రాలు, మిల్లులు. పెద్దకొడుకు వాషింగ్టన్, బ్రూక్లిన్ బ్రిడ్జి పనిలో ఉన్న ఆ పద్నాలుగేళ్లూ ట్రెంటన్‌లో టెలిగ్రాఫ్ తీగ, గనుల తాళ్లు, వీధి కేబుల్ కార్ల తాళ్లు తయారవుతూనే ఉన్నాయి. తర్వాత లిఫ్టులొచ్చాయి, కరెంటొచ్చింది. ఏ కొత్త యంత్రం వచ్చినా దానికో తీగ కావాలి, ఆ తీగ వీళ్ల దగ్గర దొరుకుతుంది. మీ ప్రశ్నకి నా జవాబు ఇంతే: బ్రిడ్జి కాంట్రాక్టు పదేళ్లకొకటి వచ్చినా రాకపోయినా లిఫ్టు తాడు మాత్రం అరుగుతుంది, మార్చక తప్పదు.

ఉక్కు కోసం బయటివాళ్ల మీద ఆధారపడకూడదని 1904 తర్వాత ట్రెంటన్‌కి దిగువన డెలావేర్ నది ఒడ్డున సొంత ఉక్కు మిల్లు, దాని పక్కనే కార్మికులకి ఓ ఊరు కట్టారు. ఆ ఊరి పేరు కూడా రోబ్లింగే.

సివిల్_సత్తెనపల్లి:
కేబుల్ సంగతి నేను చెప్తాను. ముందు ఒక తేడా పట్టుకోండి. లిఫ్టుకి, క్రేనుకి వాడేది *పేనిన* తాడు. కప్పీ మీద వంగాలి కాబట్టి మెలి ఉండాలి. మెలి ఉన్న తాడు బరువు పడగానే కొంచెం సాగుతుంది, తీగల బలం పూర్తిగా చేతికి రాదు. పెద్ద బ్రిడ్జి కేబుల్‌లో మెలి ఉండదు. వేల తీగలు పక్కపక్కన, సమాంతరంగా ఉంటాయి. అందుకే దాన్ని చుట్టచుట్టి తీసుకురావడం కుదరదు. గాల్లోనే, ఉండాల్సిన చోటే తయారుచేస్తారు.

రెండు ఒడ్డుల మధ్య టవర్ల మీదుగా తిరుగుతూ ఉండే లాగుడు తాడు ఒకటి వేస్తారు. దానికో చక్రం వేలాడుతుంది. తీగని మడత పెట్టి ఆ చక్రానికి తగిలిస్తే, చక్రం అవతలి ఒడ్డుకి వెళ్లేసరికి ఒక్క ప్రయాణంలో రెండు తీగలు పరుచుకుంటాయి. అక్కడ ఆ మడతని గుర్రపు లాడం ఆకారంలో ఉన్న ఇనుప దిమ్మకి తగిలించి చక్రాన్ని వెనక్కి పంపుతారు. తీగ ఎక్కడా తెగదు. చుట్ట అయిపోతే తీగ కొసలకి మరలు కోసి, చిన్న ఉక్కు గొట్టంతో రెండో చుట్ట కలుపుతారు.

అసలు కష్టం ఒంపు సరిచూడటంలో ఉంది. ప్రతి తీగా ఒకే లోతున వేలాడాలి. ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా ఉంటే బిగువుదాని మీదే బరువంతా పడుతుంది. అందుకని ముందుగా ఒక కొలత తీగ వేసి, మిగతావాటిని దానికి సరిపోల్చి లాగుతారు. ఎండ తగిలితే తీగ సాగి కిందికి దిగుతుంది. ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ ఉంటే కొలతే తప్పుతుంది. కాబట్టి కీలకమైన సర్దుబాటు ఎండ ముదరకముందో, పొద్దుగూకాకో చేసుకోవాలి.

బ్రూక్లిన్ లెక్క: మధ్య దూరం 1,595 అడుగుల 6 అంగుళాలు. కేబుళ్లు 4. ఒక్కో కేబుల్‌లో 19 పాయలు (తీగల కట్టలు), పాయకి మొదట అనుకున్నది 278 తీగలు. పాయలన్నీ పూర్తయ్యాక గుండ్రంగా బిగించి, పైన మెత్తటి తీగ చుడతారు. లావు 15¾ అంగుళాలు. అంతకుముందు వాళ్లు వాడింది ఇనుప తీగ. అంత పెద్ద బ్రిడ్జికి జింకు పూత ఉన్న *ఉక్కు* తీగ వాడటం అదే మొదలు.

పాయని దాని చోటికి దించే పని చాలా ప్రమాదకరం. 1878 జూన్‌లో అలా దించుతుండగా, దిమ్మని పట్టి ఉంచిన తాడు తెగి, పాయ మొత్తం కొరడాలా ఎగిరి నదిలో పడింది. ఇద్దరు పోయారు.

లెక్కలమాస్టారు:
సివిల్ గారు 278 అన్నారు, చాలాచోట్ల 286 అని కనిపిస్తుంది. రెండూ నిజమే, మధ్యలో ఓ మోసం ఉంది.

బ్రిడ్జి ఇంజినీరుకి వాటా ఉన్న కంపెనీ తీగ టెండర్ వెయ్యకూడదని ట్రస్టీలు తీర్మానించారు. వాషింగ్టన్ తన వాటా అమ్మేశాడు. అయినా కాంట్రాక్టు బ్రూక్లిన్‌కే చెందిన లాయిడ్ హేగ్‌కి పోయింది. ఒక్కో తీగ కనీసం 3,400 పౌండ్లు తట్టుకోవాలని షరతు. తనిఖీ హేగ్ మిల్లులో జరిగేది. పాసైన చుట్టలు బండెక్కి బ్రిడ్జికి వచ్చే దారిలో ఒక కొట్టులోకి వెళ్లి, వాటి బదులు నాసిరకం చుట్టలు బయటికి వచ్చేవి. ఆ మంచి చుట్టలే మళ్లీ మిల్లుకి వెళ్లి మళ్లీ పాసయ్యేవి! 1878లో బండి వెంట మనిషిని పెట్టి కనిపెట్టారు.

అప్పటికే చాలా నాసి తీగ కేబుల్‌లో కలిసిపోయింది. పీకి తీయడం అయ్యే పని కాదు. వాషింగ్టన్, కేబుల్ బలాన్ని అవసరానికి ఆరు రెట్లు ఉండేలా లెక్కగట్టి పెట్టాడు. నాసి తీగ ఉన్నా ఐదు రెట్లకి తగ్గదని తేల్చి, హేగ్ ఖర్చు మీదే కేబుల్‌కి 150 చొప్పున తీగలు అదనంగా వేయించాడు. పాయకి 8 కలిపితే 19 పాయలకి 152. 5,282కి 152 కలిపితే 5,434, ఇప్పుడు పుస్తకాల్లో కనిపించే సంఖ్య. సైటుకి సరుకు వచ్చాక రెండోసారి పరీక్ష చెయ్యకపోతే ఏమవుతుందో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

గోదారిగట్టు:
మాస్టారూ, అద్భుతం. పునాది జబ్బు సంగతి కూడా ఎవరైనా చెప్తారా? మనవైపు బ్రిడ్జీలకి బావులు దించుతారు కదా, ఇది అలాంటిదేనా?

సివిల్_సత్తెనపల్లి:
పద్ధతి దగ్గరిదే, ఒక్క తేడా ఉంది. మన బావి పైన తెరిచి ఉంటుంది. లోపల నీళ్లుండగానే పైనుంచి మట్టి తోడతారు, బావి తన బరువుకి దిగుతుంది. బ్రూక్లిన్‌ది బోర్లించిన చెక్కపెట్టె. న్యూయార్క్ వైపుది 172 అడుగుల పొడవు, 102 వెడల్పు. పైకప్పు మీద రాతి కట్టడం లేపుతుంటే ఆ బరువుకి దిగుతుంది. కింద మనుషులు తవ్వుతుంటారు. నీళ్లు లోపలికి రాకుండా గాలి ఒత్తిడితో ఆపాలి.

ఉప్పునీటికి అడుగు లోతుకి సుమారు 0.445 పౌండ్ల ఒత్తిడి. న్యూయార్క్ పెట్టె 78½ అడుగులకి దిగింది, అంటే చదరపు అంగుళానికి దాదాపు 35 పౌండ్లు అదనం. ఆ ఒత్తిడిలో గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. నెమ్మదిగా పైకొస్తే ఊపిరితో పోతుంది. గబగబా వస్తే ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్లనొప్పులు, పక్షవాతం, ఒక్కోసారి చావు. అప్పటికి ఈ కారణం స్పష్టంగా తెలీదు, అందుకే మనుషుల్ని త్వరగా బయటికి పంపేసేవాళ్లు. బ్రూక్లిన్ వైపు పెట్టె 44½ అడుగులే కాబట్టి అక్కడ అంత నష్టం లేదు. 1872లో వాషింగ్టన్ పడిపోయాడు. న్యూయార్క్ వైపు రాతి దాకా వెళ్లకుండా గట్టి ఇసుక మీదే ఆపేయాలని నిర్ణయించిందీ ఆయనే. ఆ టవర్ ఇప్పటికీ ఇసుక మీదే ఉంది.

వాషింగ్టన్ భార్య ఎమిలీ గురించి ఒక్క మాట. ఆవిడ ఉత్తరాలు మోసిన మనిషి మాత్రమే కాదు. కేబుల్ లెక్కలు, పదార్థాల బలం నేర్చుకుని సైటు ఇంజినీర్లతో నేరుగా మాట్లాడింది. 1883 మే 24న బ్రిడ్జి తెరిచారు.

తీగెలాగు:
తరాల సంగతి సగంలో వదిలేశాను. ఫెర్డినాండ్ 1917లో, చార్లెస్ 1918లో పోయారు. చార్లెస్ కొడుకు 1912లోనే టైటానిక్‌తో మునిగిపోయాడు. తర్వాత పగ్గాలు పట్టిన జాన్ మనవడు కార్ల్ కూడా 1921లో పోతే, 84 ఏళ్ల వాషింగ్టన్ మళ్లీ అధ్యక్షుడయ్యాడు. 1926లో పోయేదాకా ఆయనే. మంచం పట్టాడన్న మనిషి తమ్ముళ్లిద్దరి కన్నా ఎక్కువ బతికాడు.

కేబుల్ పనిలో కంపెనీ పెద్ద రోజులు ఆయన తర్వాతే వచ్చాయి. 1931 జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జికి కేబుల్‌కి 26,474 తీగలు, 1937 గోల్డెన్ గేట్‌కి 27,572. రెండింటికీ 61 పాయలు. కావాలంటే మాస్టారు భాగించి చూడొచ్చు. అదే కాలంలో వేరే రెండు బ్రిడ్జీల మీద, కాల్చి పదునుపెట్టిన తీగలు 1929లో పటపటా తెగి, కేబుళ్లు విప్పి మళ్లీ వేయాల్సొచ్చింది. అచ్చుల్లోంచి చల్లగా లాగి గట్టిపరిచిన పాత పద్ధతి తీగే మంచిదని తేలింది.

1950ల మొదట్లో కంపెనీని కొలరాడో ఫ్యూయల్ అండ్ ఐరన్‌కి అమ్మేశారు. వాటాలు చాలామంది వారసుల మధ్య చీలాక, పాత మిల్లుల్లోకి మళ్లీ డబ్బు పోయడానికి ఎవరూ ముందుకు రారు. ఇది నా అంచనా.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు ఉన్నవాళ్లకి: కామ్‌డెన్–ట్రెంటన్ రివర్ లైన్‌లో రోబ్లింగ్ స్టేషను ఉంది, పాత మిల్లు గేటు దగ్గర మ్యూజియం ఉంది. బ్రూక్లిన్ కన్నా నేను చూడమనేది లాకవాక్సెన్ దగ్గర డెలావేర్ అక్విడక్ట్. పడవలు నది మీదుగా దాటడానికి జాన్ 1848లో ముగించిన కాలవ వంతెన అది. అప్పటి ఇనుప తీగ కేబుళ్లే ఇంకా మోస్తున్నాయి. ఇప్పుడు కార్లు వెళ్తాయి, ఒకసారికి ఒకవైపు నుంచే.