పాత వీ-క్రాస్‌ని ఆఫ్‌రోడ్ బండిగా మార్చాలి, ముందు దేనితో మొదలుపెట్టాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్తే అండి. మాది భీమవరం పక్కన, రొయ్యల చెరువులండి. మా పెదనాన్నగారిది 2017 ఇసుజు వీ-క్రాస్ పికప్ బండి ఒకటుంది, 2.5 డీజిల్, 5 గేర్ల మాన్యువల్, ఆయన కొత్త బండి తీసుకుని దీన్ని నాకిచ్చేశారు. ఇన్నాళ్లూ చెరువుగట్ల మీద మేత బస్తాలూ ఏరియేటర్లూ మోసిన బండి, లక్షా నలభై వేలు తిరిగింది కానీ ఇంజన్ మాత్రం పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే పట్టేస్తది, పొగ లేదు, గేర్లు కూడా సాఫీగానే పడతన్నాయి. అమ్మితే పెద్దగా వచ్చేదేం లేదు, పైగా మనసొప్పట్లేదు, అందుకని దీన్నే మంచి ఆఫ్‌రోడ్ బండి చేసేద్దామని ఉందండి.

నా ఆలోచన ఇదీ. 4 అంగుళాల లిఫ్ట్ (అంటే బండి ఎత్తు పెంచడం), 33 అంగుళాల టైర్లు, ముందు ఇనప బంపరూ దాంట్లో వించ్ (కూరుకుపోతే తాడుతో లాగే మోటారు), స్నార్కెల్ (ఇంజన్‌కి గాలి పైనుంచి తీసుకునే గొట్టం), పైన టెంట్, లైట్ బార్. బడ్జెట్ మూడున్నర లక్షలు, సాగదీస్తే నాలుగు. తిరిగేది ఎక్కువగా మారేడుమిల్లి, గుడిస, లంబసింగి వైపు, వచ్చే ఏడాది కుదిరితే హిమాచల్‌లో స్పితి దాకా.

మా ఊరి మేస్త్రీ ముందు స్ప్రింగుల పైన స్పేసర్లు, వెనక కమాన్ కట్టల (పట్టీల స్ప్రింగుల) కింద దిమ్మలు పెట్టి 12 వేలకే లిఫ్ట్ చేసేస్తానంటున్నాడు. కంపెనీ కిట్లు చూస్తే లక్ష పైనే చెప్తన్నారు. అంత తేడా ఎందుకో అర్థం కాలేదు. తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి, ఇంట్లో డబ్బులు తగలేస్తున్నానని ఇప్పటికే ఒకటే గోల.

ఆటోనగర్ డీజిల్:

తమ్ముడూ లిస్టంతా బానే ఉంది గానీ రొయ్యల చెరువు అన్నావు చూడు, నాకు మిగతావేం కనపళ్లేదు ఇంక. ఉప్పునీటి గట్ల మీద ఏడెనిమిదేళ్లు తిరిగిన బండికి పైన పెయింట్ మెరుస్తానే ఉంటది, కింద చాసీ సంగతేంటో ఎవడికీ తెలీదు. ఒక్క రూపాయి ఖర్చు పెట్టే ముందు ర్యాంప్ ఎక్కించి కింద శుభ్రంగా ప్రెషర్ వాటర్ కొట్టించి, ఆరాక చిన్న సుత్తి పట్టుకుని చాసీ పొడుగూతా కొట్టుకుంటా వెళ్లు. గట్టి ఇనుము ఖంగుమంటది, తుప్పు తిన్న చోట మొద్దుగా పలుకుద్ది, మరీ పోయిన చోట సుత్తే దిగిపోద్ది. ముఖ్యంగా వెనక కమాన్ కట్టలు తగిలించే బ్రాకెట్ల దగ్గర, స్టెప్నీ పైన ఉండే అడ్డ మెంబరు, బెడ్‌ని (వెనక సరుకు తొట్టిని) చాసీకి బిగించే చోట్లు, ఇంకా బ్రేక్ పైపులు చూడు. చాసీ లోపల గుల్ల కదా, మట్టి లోపలికెళ్లి కూర్చుంటది, తుప్పు లోపల్నించి బయటికొస్తది, బయటికి కనపడేసరికే సగం పని అయిపోయుంటది. ఒక హెచ్చరిక, తుప్పు మీదే నల్ల కోటింగ్ కొట్టించేసి కొత్తగా ఉందని మురిసిపోమాక. తేమ లోపల బందీ అయిపోయి ఇంకా తొందరగా తింటది. ముందు గీకించు, ప్రైమర్ వేయించు, ఆ తర్వాతే కోటింగ్, గుల్ల లోపలికి మైనం స్ప్రే.

తర్వాత ఆయిళ్లు. ముందు డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో చక్రాలకి బలం పంచే గేర్ల డబ్బా), వెనకది, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందూ వెనకా ఇరుసులకి బలం పంచేది), గేర్‌బాక్స్ నాలుగింట్లో ఆయిలు దించి చూడు. పాల రంగులో ఉంటే నీళ్లు వెళ్లినట్టే. బండి గట్ల మీద తిరిగింది కాబట్టి నాకు అనుమానమే. ఎందుకంటే ఆ డబ్బా హౌసింగ్‌కి పైన గాలి ఆడే చిన్న బ్రీదర్ ఉంటది, దూరం తిరిగొచ్చి వేడెక్కిన హౌసింగ్‌ని సడన్‌గా నీళ్లలో దింపితే లోపల గాలి చల్లబడి కుంచించుకుపోద్ది, ఆ బ్రీదర్ లోంచో సీల్ లోంచో నీళ్లు లోపలికి లాగుద్ది. నువ్వు స్నార్కెల్ అంటున్నావు, స్నార్కెల్ ఇంజన్‌ని మాత్రమే కాపాడుద్ది. ఆ బ్రీదర్లకి రబ్బరు పైపు తగిలించి బానెట్ దాకా పైకి తీసుకురావడానికి అయ్యే ఖర్చు ఒక పూట భోజనం అంత, అది ముందు చేయించు.

ఇక 12 వేల లిఫ్ట్. వీ-క్రాస్‌కి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఏ చక్రానికది, వెనక కమాన్లు. ముందు 2 అంగుళాలు దాటావంటే సీవీ జాయింట్ల (ముందు చక్రాలకి బలం తీసుకెళ్లే కీళ్ల) కోణం నిట్టనిలువు అయిపోద్ది, వాటి మీది రబ్బరు బూట్లు చిరుగుతాయి, బూటు చిరిగితే మట్టి పోయి జాయింట్ అరుగుద్ది. సస్పెన్షన్ పై ఆర్మ్ కూడా స్టాపర్‌కి దగ్గరైపోద్ది, అలైన్‌మెంట్ కుదరదు, 80 మీద స్టీరింగ్ ఎటు పోద్దో దానికే తెలీదు. వెనక దిమ్మలు పెడితే ఆక్సిల్‌కీ కమానుకీ మధ్య దూరం పెరిగి, లో గేర్‌లో గట్టిగా తొక్కినప్పుడల్లా ఆక్సిల్ మెలి తిరుగుద్ది, కమాను ఎస్ ఆకారంలో వంగుద్ది. కావాలంటే ఇక్కడ ఆటోనగర్‌లో కమాన్ కట్టలే కొత్తగా వేయించు, లేదా ఒక పట్టీ ఎక్కించి కట్ట కొట్టించు, ఆ పని మనోళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు. కానీ దిమ్మల జోలికి పోవద్దు.

డెక్కన్ లో-రేంజ్:

అన్న చెప్పింది కరెక్టే, నేను టైర్ల ముచ్చట చెప్త. భాయ్ నీ బండికి వచ్చేది 245/70 ఆర్16, ఎత్తు సుమారు 750 మిల్లీమీటర్లు. 265/70 వేస్తే 777 అయితది, అంటే బండి ఓ 14 మిల్లీమీటర్లు లేస్తది, లిఫ్ట్ లేకున్నా చాలామందికి పెద్దగా తగలకుండ పట్టేస్తది. మీటర్ల 100 చూపిస్తే అసలు స్పీడు 104 దాక ఉంటది, అంతే. అదే 285/75, అంటే నువ్వు చెప్పే 33, ఎత్తు 834. ఇగ మీటర్ల 100 అంటే రోడ్డు మీద 111. దానికన్న అసలు నష్టం గేరింగ్ ది, టైరు 11 శాతం పెద్దగైతే ప్రతి గేరూ అంత పొడుగైనట్టే. మన ఇంజన్ ఉన్నదే 134 హార్స్‌పవర్, 320 ఎన్ఎం, ఘాట్ మీద సెకండ్‌ల పోయేది ఫస్ట్‌ల పోవాల్సొస్తది, క్లచ్ కాలుతది, బ్రేకులు ఆలస్యంగ పడ్తయ్, స్టెప్నీ ఉన్న జాగల పట్టది. ఫెండర్లు కోసుడు వేరే కథ.

ఏ/టీ (అన్ని రోడ్లకి పనికొచ్చే టైరు) తీస్కో, ఎమ్/టీ (బురద టైరు) వద్దు. నువ్వు భీమవరం నుంచి మారేడుమిల్లి దాక పోయేది తారు రోడ్డే కదా, తడి తారు మీద ఎమ్/టీలు జారతయ్, లోపల చప్పుడుకి ఇంట్లోవాళ్లు రెండోసారి బండి ఎక్కరు. వానాకాలం మన్యం ఎర్ర బురదల మాత్రం ఎమ్/టీ కింగే, కాదన, కానీ ఏడాది మొత్తం ఆ బురదల ఉండవు కదా.

ఇంకొకటి, టైర్లకన్న ముందు ఒక మంచి కంప్రెసరూ గాలి మీటరూ కొను. రాళ్లు బురద అయితే 20 పీఎస్ఐ, ఇసుక అయితే 15-16 దాక దించితే పాత టైర్లే కొత్త టైర్ల లెక్క పట్టుకుంటయ్. సూర్యలంక బీచ్‌ల చూడు, 35 గాలితోని దిగి ఇసుకల కూరుకపోయి ట్రాక్టరోనికి డబ్బులిచ్చి గుంజించుకుంటరు, గాలి తీస్తే సగం మంది వాళ్లంతట వాళ్లే బయటికొస్తరు. తిరిగి తారు ఎక్కేముందు గాలి నింపుకునుడు మర్చిపోవద్దు, తక్కువ గాలితో స్పీడు పోతే టైరు వేడెక్కి పేలుతది.

ఆర్సీ బుక్:

ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ధ్రువీకరించిన స్పెసిఫికేషన్ మారేలా మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణలో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. బండి ముందు బిగించే బుల్ బార్ల (ఇనప గార్డుల) మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి రాసింది, చర్య తీసుకోమని. మీ బండికి ఎయిర్‌బ్యాగులున్నాయి కాబట్టి ముందు ఇనప దుంగ బిగిస్తే గుద్దుకున్నప్పుడు దెబ్బ నేరుగా చాసీకి పోతుంది, ఎయిర్‌బ్యాగ్ సరైన టైమ్‌కి తెరుచుకోకపోవచ్చు. వించ్ కావాలంటే ఒరిజినల్ బంపర్ వెనక చాసీకి బిగించే ప్లేట్లు ఉంటాయి, అవి చూడండి, వాటికీ ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి.

ముందు మీ ఆర్‌సీలో వాహనం క్లాస్ ఏమని ఉందో చూడండి, తెల్ల బోర్డా పసుపు బోర్డా. పెదనాన్నగారి పేరు నుంచి మీ పేరుకి బదిలీ అయ్యిందా లేదా అది కూడా. ఏది బిగించినా ఇన్సూరెన్స్ వాళ్లకి రాసి ఇచ్చి రసీదు తీసుకోండి, లేకపోతే క్లెయిమ్ టైమ్‌లో మొట్టమొదట చూసేది అవే.

మన్యం బురద:

అయ్యా ఆర్సీ గారూ, మారేడుమిల్లి రోడ్డులో ఆదివారం నిలబడి చూడండి, బుల్ బారు లేని బండి ఎన్ని కనిపిస్తాయో. ఎవరాపుతున్నారు. నా బండికి 4 అంగుళాల లిఫ్ట్ ఉంది, నాకేం కాలేదు. కుర్రాడు సరదాపడి అడిగితే అందరూ కలిసి చట్టం, తుప్పు, ఆయిలు అని భయపెడుతున్నారు.

ఆర్సీ బుక్:

ఆపనంత వరకూ ఎవరూ ఆపరండి. యాక్సిడెంట్ అయ్యి అవతలి మనిషికి దెబ్బ తగిలాక మాత్రం ఆపుతారు. ఇంకో మాట, రిజర్వ్ ఫారెస్ట్‌లో రోడ్డు దిగి బండి తోలితే అది మార్పుల కేసు కాదు, అటవీ చట్టం కేసు, బండి కూడా పోతుంది. వాగులో దిగి రీల్స్ తీసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఫీనిక్స్ ఎడారి:

అరిజోనా నుంచి. నా దగ్గర 2001 టొయోటా టకోమా పికప్ ఉంది, 3.4 వీ6, ఫస్ట్ జనరేషన్. చాసీ గురించి పైన చెప్పింది ఎందుకు అంత ముఖ్యమో ఇక్కడి కథ చెప్తాను. ఇదే మోడల్ చాసీలు తుప్పుకి చిల్లులు పడుతున్నాయని 2008లో టొయోటా 1995 నుంచి 2000 వరకు వచ్చిన బండ్లకి చాసీ తుప్పు వారంటీని 15 ఏళ్లకి పెంచింది, మరీ పోయినవాటిని మార్కెట్ ధరకి ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొనేసింది. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లోనే ఎక్కువ. మా ఎడారిలో అవే బండ్లు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి, అందుకే ఇక్కడ కొనేవాళ్లు కిలోమీటర్లు ఎన్ని తిరిగిందో తర్వాత అడుగుతారు, ఏ రాష్ట్రంలో తిరిగిందో ముందు అడుగుతారు. మీ చెరువుగట్టు అచ్చం ఆ ఉప్పు రోడ్డే.

33 టైర్లు వేసినవాళ్లు ఇక్కడ డిఫరెన్షియల్ గేర్లు కూడా మార్పిస్తారు, ముందూ వెనకా రెండూ ఒకే రేషియో ఉండాలి, ఒకటే మారిస్తే 4హెచ్‌లో (నాలుగు చక్రాలకీ బలం వెళ్లే మోడ్) పెట్టిన కాసేపటికి ఏదో ఒకటి విరుగుతుంది. మీకు వీ-క్రాస్‌కి ఆ గేర్లు తేలిగ్గా దొరక్కపోతే ఆ సైజు గురించి మర్చిపోవడమే. ఇంకొకటి, పైన టెంట్ వేస్తే 50-60 కిలోలు నెత్తిన పెట్టుకున్నట్టు, దానికి లిఫ్ట్ కూడా తోడైతే ఘాట్ మలుపుల్లో బండి ఊగుడు వేరే లెవెల్లో ఉంటుంది. టెంట్‌ని క్యాబిన్ పైన కాకుండా బెడ్ మీద ర్యాక్ పెట్టి క్యాబిన్ ఎత్తు దాటకుండా బిగించండి.

గోదారిగట్టు:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఆదివారం ర్యాంప్ ఎక్కించాం. సుత్తి పట్టుకుని మా పెదనాన్నగారే వచ్చారు. ముందు సగం చాసీ ఖంగుమందండి, కుడివైపు వెనక కమాన్ బ్రాకెట్ దగ్గర మాత్రం పలుకు మారింది, గీకితే రెండు వేళ్లంత చిల్లు పడింది. స్టెప్నీ పైన మెంబరు కూడా పలచబడింది. వెనక డిఫరెన్షియల్ ఆయిలు దించితే కాఫీలో పాలెక్కువైన రంగు, ముందుది బానే ఉంది. బ్రాకెట్ కొత్తది తెప్పిస్తున్నాం, ఆ ముక్క కోసి లోపల ప్లేటు పెట్టి వెల్డింగ్ చేయిస్తా. మేస్త్రీ దిమ్మలు వద్దన్నానని కొంచెం అలిగాడు లెండి. ఆర్‌సీ తెల్ల బోర్డే, బదిలీ కాలేదింకా, ఈ వారంలో పెట్టేస్తా. బండి శ్రీసిటీలో తయారైందే కాబట్టి స్పేర్లకి పెద్ద ఇబ్బంది ఉండదనుకుంటున్నా.

ఇప్పుడు అనుకుంటున్నది 265/70 ఏ/టీ టైర్లు, కొత్త కమాన్లు, ముందు అంగుళంన్నర లేచే స్ప్రింగులు, బ్రీదర్లు. స్పితికి టెంట్ అద్దెకి తీసుకుంటా. డబ్బులు కొంచెం మిగుల్తాయి, వాటితో వించ్ తీసుకోనా, వెనక లాకర్ (రెండు చక్రాలూ కలిసి తిరిగేలా డిఫరెన్షియల్‌ని బిగించేది) వేయించనా?

ఆటోనగర్ డీజిల్:

చిల్లు ముందే దొరికింది, బతికిపోయావు. వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ రెండు వైర్లూ తీసేయించు, లేకపోతే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పోద్ది.

వించూ వద్దు లాకరూ వద్దు ఇప్పుడే. ముందూ వెనకా రేటెడ్ రికవరీ పాయింట్లు (బండిని లాగడానికి బలం లెక్కగట్టి చేసిన కొక్కేలు) బిగించు, ఒక కైనెటిక్ తాడు (సాగే తాడు), రెండు మెత్తని షాకిల్స్ (తాడు తగిలించే దారపు లింకులు), ఒక పార, రెండు ట్రాక్షన్ బోర్డులు (చక్రం కింద పెట్టే పలకలు). వీటన్నిటికీ వించ్ ఖర్చులో సగం కూడా కాదు. లారీకి కట్టేటప్పుడు వాడే టై-డౌన్ కొక్కేనికీ, వెనక టో బాల్‌కీ తాడు తగిలించి లాగమాక ఎప్పుడూ, అది ఊడొచ్చిందంటే తూటానే, మనుషులు చచ్చిపోయారు అట్లా. లాగేటప్పుడు తాడు మీద తడి గోనెపట్టా వేసి, చుట్టుపక్కల వాళ్లందర్నీ తాడు పొడుగుకి ఒకటిన్నర రెట్లు దూరం పంపించు.

లాకర్ లేదని దిగులు పడమాక. వెనక ఒక చక్రం గాల్లో తిరుగుతుంటే హ్యాండ్ బ్రేకు రెండు మూడు పళ్లు లాగి మెల్లగా గ్యాస్ ఇవ్వు, వెనక డ్రమ్ములు పట్టి తిరిగే చక్రానికి ఆపు వస్తది, ఆ బలం నేల మీదున్న చక్రానికి పోద్ది. ప్రతిసారీ పని చేయదు, చేసినప్పుడు మాత్రం లక్ష రూపాయలు మిగిలినట్టే. బండి 5295 మిల్లీమీటర్ల పొడుగు, వీల్‌బేస్ 3095, గట్టు దాటేటప్పుడు మధ్యలో కడుపు ఆనుద్ది, అందుకని ఏటవాలుగా ఎక్కించు, నిలువుగా కాదు. నీకు గట్లెక్కడం కొత్త కాదనుకో. 4ఎల్‌లో (నాలుగు చక్రాలకీ తక్కువ స్పీడు, ఎక్కువ బలం) పెట్టాలంటే బండి పూర్తిగా ఆపి పెట్టు, పొడి తారు మీద 4హెచ్ పెట్టి తోలమాక, ట్రాన్స్‌ఫర్ కేస్ బిగుసుకుంటది.

ఆ మిగిలిన డబ్బుల్లో ముందు బ్రేక్ పైపులు మార్పించు, ఎట్లాగూ ర్యాంప్ మీదే ఉంది కదా. స్పితి ముందు జులైలో ఒకసారి వానల్లో మారేడుమిల్లి రా, మా బ్యాచ్ ఉంటది, గాలి ఎంత దించాలో అక్కడే తెలుసుద్ది.